జాగ్రత్త: పాత అంబాసిడర్లకు ‘హై వాల్యూమ్’ ఆయిల్ పంపు అంటగడుతున్నారు

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పాత అంబాసిడర్లు, పెట్రోల్ జీపులు నడిపేవాళ్లంతా ఇది చదవండి. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతోందని చెప్పగానే ఎవరైనా ‘హై వాల్యూమ్ (ఎక్కువ నూనె తోసే) పంపు వేయిస్తే సరిపోతుంది’ అంటే వెంటనే డబ్బు తీయకండి. ముందు ఆయిల్ ప్రెషర్, పాత పంపు కొలతలు తీయించండి. మా బాపు కారుకు ఆ పంపు అమ్మినవాళ్లు ఒక్క కొలత కూడా అడగలేదు. చివరికి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ దాకా వచ్చింది. ఫిర్యాదు పెడుతున్నాం కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు.

మాది 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కార్లలో వాడిన బీఎంసీ బి సిరీస్ ఇంజన్. ఎండాకాలంలో విజయవాడ హైవే మీద ఆగకుండా వచ్చి పంతంగి టోల్ గేటు దగ్గర నిలబడితే ఆయిల్ లైటు మినుకుమినుకుమనేది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆరిపోయేది. మెకానిక్ హైదరాబాద్‌లో ఒక స్పేర్ పార్ట్స్ దుకాణానికి పంపాడు. కౌంటర్ మీదున్నాయన బాపుతో అన్న మాట ఇది: “పెద్దాయనా, స్టాండర్డ్ పంపుతోని ఏం కాదు. ఇది హై వాల్యూమ్, వేసినంక గేజ్ ముల్లు కిందికి కదలది.” ధర మామూలు పంపుకు దాదాపు మూడింతలు. డబ్బాలో పంపుతో పాటు ఒక గట్టి స్ప్రింగు కూడా ఇచ్చి, అది రిలీఫ్ వాల్వులో వేయించమన్నాడు.

అసలు మోసం ఆ స్ప్రింగులోనే ఉంది. పంపు ప్రెషర్ పుట్టించదు, నూనెను తోస్తుంది, అంతే. ఆ నూనె, క్రాంక్ తిరిగే బేరింగుల సన్నటి గ్యాపుల్లోంచి పోవడానికి ఎంత అడ్డు తగిలితే అంత ప్రెషర్ గేజ్‌లో కనిపిస్తుంది. పై హద్దును నిర్ణయించేది రిలీఫ్ వాల్వు. బి సిరీస్‌లో అది పంపులో ఉండదు. బ్లాకు ఎడమ పక్క వెనకవైపు డోమ్ నట్టు కింద ఉంటుంది. ప్రెషర్ హద్దు దాటితే వాల్వు తెరుచుకుని మిగులు నూనెను సంపులోకి (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) వదిలేస్తుంది. అసలైన హై వాల్యూమ్ పంపులో నూనెను తోస్తూ తిరిగే రోటర్లు లేదా గేర్లు మందంగా ఉంటాయి, అందుకే ఒక్కో చుట్టుకు ఎక్కువ నూనె తోస్తుంది. సాధారణంగా 20 నుంచి 25 శాతం ఎక్కువ. గట్టి స్ప్రింగు మాత్రం వాల్వు తెరుచుకునే హద్దును పైకి జరుపుతుంది. ఇవి రెండూ వేర్వేరు పనులు. ఐడ్లింగ్‌లో (బండి నిలబడి ఇంజన్ మాత్రమే తిరిగేటప్పుడు) ప్రెషర్ తక్కువగా ఉన్నప్పుడు వాల్వు ఎలాగూ మూసుకునే ఉంటుంది కాబట్టి అక్కడ గట్టి స్ప్రింగుతో చుక్క లాభం ఉండదు. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు మాత్రం ముల్లు పైకి ఎగురుతుంది. దాన్ని చూపించి పంపు బాగా పనిచేస్తోందని నమ్మిస్తారు.

మా బండిలో అదే జరిగింది. బిగించిన రోజు ముల్లు చూసి బాపు మొహం వెలిగిపోయింది. కొద్ది రోజులకే ఆయిల్ ఫిల్టర్ గిన్నె రబ్బరు రింగు దగ్గర నూనె కారడం మొదలైంది. చల్లగా ఉన్నప్పటి అదనపు ప్రెషర్‌ను ఆ పాత రింగు తట్టుకోలేకపోయింది. తర్వాత హైవే మీద కింది నుంచి కటకట శబ్దం. నల్గొండలో మరో సీనియర్ మెకానిక్ సంపు దింపి చూపించాడు: బిగ్‌ఎండ్ బేరింగుల (పిస్టన్ రాడ్డు క్రాంక్‌ను పట్టుకునే చోటివి) పైపొర అరిగిపోయి రాగి రంగు తేలింది. అంటే జబ్బు మొదటి నుంచీ బేరింగుల్లోనే ఉంది. పంపు అమ్మిన రోజే ఎవరైనా సంపు విప్పి చూసి ఉంటే షెల్స్ (బేరింగు రేకులు) మార్చడంతో పోయేదేమో. బండి అలాగే తిరగడం వల్ల క్రాంక్ జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాలు) గీరుకుపోయాయి.

ఆ మెకానిక్, మొదట తీసేసిన పాత పంపునూ, కొత్త పంపునూ పక్కపక్కన పెట్టి కొలిచాడు. రోటర్ల మందంలో తేడా లేదు. డబ్బా మీద మాత్రం పెద్ద అక్షరాల్లో ‘హై వాల్యూమ్’. పైగా పాత పంపు బాగానే ఉంది. ఇదే కుటుంబం ఇంజన్ ఉన్న ఎంజీబీ అనే బ్రిటిష్ కారు వర్క్‌షాప్ మాన్యువల్ ప్రకారం రోటర్ ఎండ్ ఫ్లోట్ (రోటర్‌కూ మూతకూ మధ్య ఖాళీ) 0.005 అంగుళం, రోటర్ల లోబుల (పళ్ల) మధ్య గ్యాపు 0.006 అంగుళం, బయటి రోటర్‌కూ బాడీకీ మధ్య 0.010 అంగుళం దాటకూడదు. మా పాత పంపు ఈ హద్దులన్నిటి లోపలే ఉంది. ఒక స్టీల్ స్కేలు, ఒక ఫీలర్ గేజ్ (గ్యాపు కొలిచే సన్నటి రేకులు) ఉంటే అయిపోయే పరీక్ష ఇది. అందుకే చెబుతున్నా, తీసేసిన పాత పంపును ఎక్స్‌చేంజ్ పేరుతో దుకాణంలో వదలకండి. ఇప్పుడు మా ఇంజన్‌లో తిరుగుతున్నది ఆ పాత పంపే.

సరే, నిజమైన హై వాల్యూమ్ పంపే దొరికిందనుకుందాం. అయినా అరిగిన బేరింగుల ముందు అది చాలదు. సన్నటి గ్యాపులోంచి కారే నూనె ఆ గ్యాపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గ్యాపు రెండింతలైతే లీకు ఎనిమిదింతలు. 25 శాతం ఎక్కువ తోసే పంపు దానికేం సరిపోతుంది? బత్తాయి తోటలో డ్రిప్ పైపులు చిట్లిపోతే వాటిని మార్చకుండా పెద్ద మోటారు బిగించినట్టే.

ఆ పంపు అవసరమయ్యే ఇంజన్లు లేకపోలేదు. రేసు కోసం బేరింగ్ గ్యాపులు కావాలనే వదులుగా కట్టినవి, పొడవాటి గొట్టాలతో ఆయిల్ కూలర్ పెట్టినవి ఆ కోవలోవి. అమెరికన్ వీ8 ఇంజన్ల వీడియోలు చూపించి ఇక్కడ అమ్ముతున్నారు. ఆ వీ8లు నడిపేవాళ్లు కూడా దీని గురించి జాగ్రత్తలు చెబుతారు: షెవర్లే స్మాల్ బ్లాక్ లాంటి వాటిలో పంపు డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచేది) షాఫ్ట్ నుంచి తిరుగుతుంది, లోడు పెరిగితే ఆ డిస్ట్రిబ్యూటర్ గేరు తొందరగా అరుగుతుంది. మన విల్లీస్ ఇంజన్ జీపుల్లో ఇది తిరగేసి ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్ నుంచి పంపు, పంపు షాఫ్ట్ నుంచి డిస్ట్రిబ్యూటర్. అక్కడ గేరు అరిగితే ఇగ్నిషన్ టైమింగ్ కూడా చెదురుతుంది. దేవరకొండ, అచ్చంపేట వైపు జీపులు ఇంకా పనిలో ఉన్నవాళ్లు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

లైటు మినుకుమనగానే టెన్షన్ పడకుండా, దుకాణానికి పోకముందే మెకానికల్ గేజ్ తగిలించి వేడి ఇంజన్ మీద చూడండి. లైటు స్విచ్చే చెడిపోయి ఉండొచ్చు. ఎంజీబీ మాన్యువల్ ఐడ్లింగ్‌లో 10 నుంచి 25 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), నడిచేటప్పుడు 50 నుంచి 80 మామూలే అంటుంది. వేడి మీద ఐడ్లింగ్‌లో 15 చూపిస్తే జబ్బు కాదు. తర్వాత డిప్‌స్టిక్ వాసన చూడండి. మెకానికల్ ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ సంపులోకి దిగి నూనె పలచబడుతుంది. 44 డిగ్రీల ఎండలో తిరిగే ఈ ఇంజన్లలో 20డబ్ల్యూ-50 (వేడిలోనూ చిక్కగా ఉండే రకం) నూనె వేసి మళ్లీ చూడండి. రిలీఫ్ వాల్వు విప్పి చెత్త పడి సగం తెరుచుకుని ఉందేమో చూడటం చిన్న పని. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే సంపు దింపి బేరింగులు, స్ట్రైనర్ (నూనె జల్లెడ), ఆఖరున పంపు చూడండి. 1489 సీసీ ఇంజన్‌కు మెయిన్ బేరింగులు మూడే, కాబట్టి వాటి మీద భారం ఎక్కువ.

దుకాణం వాళ్లు మా మాట వినలేదు. “ఇంజన్ల ఎక్కిన సామాన్ వాపస్ తీసుకోం” అన్నారు. బిల్లు మీద మాత్రం ‘హై వాల్యూమ్’ అని స్పష్టంగా రాసి ఉంది, మాకు ఇప్పుడు ఆధారం అదే. మీరూ ఆ మాట బిల్లు మీద రాయించుకోండి, కొలతల ఫొటోలు దాచుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం హైదరాబాద్‌లో కొన్నా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, రెండేళ్లలోపు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ముందుగా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఇలాంటి డబ్బా ఇప్పటికే ఇంట్లో ఉంటే, ఇంజన్‌లో ఎక్కించకముందే పాత పంపు రోటర్ పక్కన పెట్టి మందం కొలవండి. తేడా లేకపోతే ఫొటో, బిల్లు కాపీ నాకు పంపండి. నా ఫిర్యాదుతో పాటు పెడతాను.