డీకంప్రెషన్ సిక్‌నెస్ తర్వాత మళ్లీ టెక్ డైవింగ్: ఏ దారి మేలు?

బెండ్స్, అంటే డీకంప్రెషన్ సిక్‌నెస్ (లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు ఒంట్లో కరిగిన గ్యాస్ బుడగలై కలిగించే జబ్బు) వచ్చి తగ్గిన టెక్ డైవరు (పైకి వస్తూ దారిలో ఆగక తప్పనంత లోతు డైవ్‌లు చేసేవాళ్లు) ముందు నాలుగు దారులుంటాయి. ఎక్కడ ఎంతసేపు ఆగాలో లెక్కేసే డైవ్ కంప్యూటర్ సెట్టింగులు కాస్త బిగించి పాత డైవ్‌లకే వెళ్లడం ఒకటి. డెకో స్టాపులు (పైకి వస్తూ ఒంట్లోని గ్యాస్ పోయేందుకు ఆగే మజిలీలు) అక్కర్లేని లోతులతో మొదలుపెట్టి మెల్లగా వెనక్కి రావడం రెండోది. గుండెలో రంధ్రం ఉందేమో చూపించుకుని, ఉంటే మూయించుకుని వెళ్లడం మూడోది. టెక్ డైవింగ్ మానేయడం నాలుగోది. ఎక్కువమందికి రెండోదే మేలని నా గట్టి అభిప్రాయం. అయితే ఎవరికి ఏది తగునో తేల్చేది మాత్రం ఆ హిట్, అంటే ఆ బెండ్స్, ఎలా వచ్చిందన్నదే.

కాబట్టి ముందు ఆ డైవ్ రికార్డు బయటికి తీయాలి. స్టాపు తప్పిందా, వేగంగా పైకి వచ్చారా, అడుగున ప్రవాహానికి ఎదురీది అలసిపోయారా, డెకో అంతా చలికి వణుకుతూ గడిపారా, రోజుల తరబడి వరసగా దిగారా? వీటిలో ఏదో ఒకటి దొరికితే సరిదిద్దుకోవాల్సింది కనబడినట్టే. అన్నీ పద్ధతిగా జరిగినా కళ్లు తిరగడం, వాంతులు, కాళ్లు మొద్దుబారడం, చర్మం మీద ఊదారంగు మచ్చలు వంటివి వచ్చాయంటే కథ వేరు. అప్పుడు మూడో దారి గురించి డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టరుతో మాట్లాడకుండా మిగతావాటిని తూచడంలో అర్థం లేదు.

ఏ దారి పట్టినా కొంతకాలం ఆగక తప్పదు. ఒత్తిడి పెంచి చికిత్స చేసే ఛాంబర్‌లో ఎక్కువగా వాడే అమెరికా నౌకాదళపు 6వ టేబుల్‌ (చికిత్స పట్టిక)లో 18 మీటర్ల ఒత్తిడి దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో మొదలుపెట్టి, మొత్తం ఐదు గంటలకు కాస్త తక్కువగా చికిత్స చేస్తారు. అది లక్షణాలను తగ్గిస్తుంది, దెబ్బతిన్న కణజాలాన్ని మాత్రం ఆ రోజే మాన్పించదు. కీళ్ల నొప్పి మాత్రమే వచ్చి పూర్తిగా తగ్గితే కనీసం రెండు వారాలు, నరాల లక్షణాలు కొద్దిగా వచ్చి పూర్తిగా పోతే ఆరు వారాలు ఆగమని సరదా డైవర్లకు తరచు చెప్తారు. టెక్ డైవర్లకు డాక్టరు ఇంతకంటే ఎక్కువే చెప్పొచ్చు. చెబితే వినాలి.

సెట్టింగులు బిగించి పాత డైవ్‌లకే

అందరినీ ముందుగా లాగే దారి ఇదే. పరికరాలు అవే, జట్టు అదే, మారేది కంప్యూటర్‌లో రెండు అంకెలు. ఆ అంకెల్లోనే ఒక పొరపాటు నక్కి ఉంటుంది.

మన కంప్యూటర్లలో చాలావాటికి ఆధారం బూల్‌మన్ జెడ్‌హెచ్‌ఎల్-16. శరీరాన్ని 16 ఊహాత్మక భాగాలుగా విడదీసి, ఒక్కో భాగం ఎంత అదనపు గ్యాస్ ఒత్తిడిని తట్టుకోగలదో ఒక హద్దు పెడుతుంది. ఎరిక్ బేకర్ రూపొందించిన గ్రేడియంట్ ఫ్యాక్టర్లు ఆ హద్దులో ఎంత శాతం వరకు వెళ్లొచ్చో చెప్తాయి. మొదటి అంకె తొలి స్టాపు ఎంత లోతులో ఉండాలో నిర్ణయిస్తుంది. రెండో అంకె నీటి పైకి వచ్చేసరికి ఒంట్లో ఎంత అదనపు ఒత్తిడి మిగలొచ్చో నిర్ణయిస్తుంది. హిట్ తర్వాత భయపడి రెండింటినీ తగ్గించేవాళ్లు ఎక్కువ: 30/85 ఉన్నదాన్ని 10/70 చేస్తారు. రెండో అంకె తగ్గించడం మంచిదే. మొదటిదాన్ని తగ్గిస్తే లోతు స్టాపులు పెరుగుతాయి. అక్కడ ఆగినంతసేపూ నెమ్మదిగా నిండే కణజాలం ఇంకా గ్యాస్‌ను పీల్చుకుంటూనే ఉంటుంది.

అమెరికా నౌకాదళ ప్రయోగాత్మక డైవింగ్ విభాగం 2011లో వెలువరించిన నివేదిక దీన్ని స్పష్టంగా చూపింది. గాలితోనే 170 అడుగుల లోతుకు, అంటే సుమారు 52 మీటర్లకు దింపి, 30 నిమిషాలు అడుగున ఉంచారు. రెండు పద్ధతుల్లోనూ మొత్తం డెకో సమయం ఒకటే. లోతు స్టాపులు ఎక్కువున్న పద్ధతిలో 198 డైవ్‌లకు 10 మందికి బెండ్స్ వచ్చాయి. పై స్టాపులకే ఎక్కువ సమయం కేటాయించిన పద్ధతిలో 192 డైవ్‌లకు ముగ్గురికే వచ్చాయి. ఆ ప్రయోగం ట్రైమిక్స్ (ఆక్సిజన్, నైట్రోజన్, హీలియం కలిపిన మిశ్రమం) మీద చేసింది కాదు, మనం డెకోలో గ్యాస్ మార్చే తీరు కూడా వేరు. అయినా మొదటి అంకె తగ్గిస్తే భద్రత పెరుగుతుందన్న నమ్మకానికి అక్కడే గండి పడింది. 10/70, 50/70 మధ్య ఎంచుకోమంటే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను.

సెట్టింగులు ఎంత బాగా కుదిరినా ఈ దారికి ఒక లోపం మిగిలే ఉంటుంది. గంటసేపు డెకో బాకీ ఉండగా లక్షణం నీటిలోనే మొదలైతే పైకి రాలేరు, కింద ఉండీ నయం చేసుకోలేరు. చెవిలోపలి హిట్ అయితే కళ్లు తిరిగి, వాంతి చేసుకుంటూ, గ్యాస్ మార్చుకుంటూ స్టాపులు పూర్తి చేయాలి. ఈ మధ్యే దెబ్బతిన్న ఒంటితో నేరుగా అక్కడికి వెళ్లడం నాకు సమ్మతం కాదు.

కింది మెట్టు నుంచి

ఇక్కడ మొదటి డైవ్‌లన్నీ డెకో లేనివే. ఏమాత్రం తేడా అనిపించినా కొన్ని నిమిషాల్లో పడవ మీదికి చేరి ఆక్సిజన్ పెట్టుకోవచ్చు. నా లెక్కలో మొదటి దారికీ దీనికీ అసలైన తేడా ఇదే.

కంప్యూటర్‌ను గాలి సెట్టింగు మీద ఉంచి 32 శాతం నైట్రాక్స్ (గాలి కంటే ఎక్కువగా, 32 శాతం ఆక్సిజన్ ఉన్న మిశ్రమం) పీల్చడం పాత పద్ధతే, కానీ చక్కగా పనిచేస్తుంది. 30 మీటర్ల దగ్గర గాలిలో నైట్రోజన్ ఒత్తిడి 3.16 బార్ అయితే ఈ మిశ్రమంలో 2.72 బారే. అంటే ఒంటికి 24 మీటర్లలో గాలి పీల్చినంత భారమే పడుతుంది. కంప్యూటర్ మాత్రం 30 మీటర్ల భారాన్నే లెక్కేసి ముందుగా పైకి రమ్మంటుంది. అలా పెట్టినప్పుడు అది ఆక్సిజన్ మోతాదును సరిగా లెక్కించదు కాబట్టి 33 మీటర్లు దాటకుండా చూసుకునే బాధ్యత మీదే. రోజుకు ఒక్క డైవ్, 5 మీటర్ల దగ్గర తీరిగ్గా ఒక స్టాపు, పైకి వచ్చాక బరువైన సిలిండర్లు ఎత్తకపోవడం, విమానానికి ముందు మామూలుకంటే ఎక్కువ వ్యవధి కూడా ఇందులో భాగమే.

తర్వాతి మెట్టు ఒకే డెకో గ్యాస్‌తో చిన్న డెకో: 21 మీటర్లలో 50 శాతం నైట్రాక్స్ కానీ, 6 మీటర్లలో ఆక్సిజన్ కానీ. ట్రైమిక్స్, పొడవాటి డెకో ఆ పైన. ఒకే ట్రిప్పులో రెండు మెట్లు ఎక్కకుండా ఉంటే మంచిది.

చలి సంగతి కూడా ఇక్కడే చక్కబెట్టుకోవచ్చు. అదే నౌకాదళ విభాగం 2007లో వెలువరించిన పరిశోధనలో అడుగున వెచ్చగా, డెకోలో చల్లగా ఉన్నవాళ్లకు ప్రమాదం బాగా పెరిగింది. అడుగున కాస్త చల్లగా ఉండి డెకోలో వెచ్చబడినవాళ్లు ఎంతో సురక్షితంగా బయటపడ్డారు. బ్యాటరీతో వేడెక్కే వెస్ట్‌ను దిగీ దిగగానే పూర్తిగా పెట్టుకుని, డెకోకు వచ్చేసరికి ఛార్జి అయిపోగొట్టుకోవడం అన్నిటికంటే చెడ్డ వాడకం.

ఈ దారికీ ఒక పరిమితి ఉంది. 25 మీటర్లలో పది డైవ్‌లు హాయిగా సాగితే 60 మీటర్లలో ఏం జరుగుతుందో తెలిసిపోదు. తెలిసేది మీ ఒళ్లు, మీ మనసు, మీ చేతులు మళ్లీ నీటికి అలవాటు పడ్డాయా లేదా అన్నదే. కింది మెట్టు దాటాం కదా అని పై మెట్టు మీద జాగ్రత్త సడలించకూడదు.

గుండెలో రంధ్రం మూయించుకుంటే?

పీఎఫ్‌ఓ అంటే గుండె పై గదుల మధ్య పుట్టుకతో పూర్తిగా మూసుకోని దారి. పెద్దవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి ఉంటుంది, వాళ్లలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా డైవ్ చేస్తారు. మామూలుగా సిరల్లోని బుడగలను ఊపిరితిత్తులు వడకడతాయి. ఈ దారి తెరుచుకుంటే అవి నేరుగా ధమనుల్లోకి పోతాయి. అందుకే 2015లో దక్షిణ పసిఫిక్, బ్రిటన్ డైవింగ్ వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన ప్రకటన, డైవర్లందరికీ ఈ పరీక్ష అక్కర్లేదనీ, మెదడు, వెన్నుపాము, చెవిలోపల, చర్మం హిట్లు ఒకటికంటే ఎక్కువసార్లు వచ్చినవాళ్లకు ఆలోచించాలనీ చెప్పింది. పరీక్ష బుడగల ద్రావణం ఎక్కించి, బిగబట్టి ముక్కించి చేసే ఎకో (గుండె అల్ట్రాసౌండ్). ఆ బిగబట్టడం సరిగా చేయించకపోతే ఉన్న రంధ్రం కూడా కనబడకపోవచ్చు.

మూయించుకున్నాక కనీసం మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేసి, మూసుకుందని తేలాకే, రక్తం గడ్డకట్టకుండా వాడే బలమైన మందులు ఆపాకే నీటిలోకి దిగాలి. ఆస్పిరిన్ వాడుతూ దిగొచ్చు. ఈ పని వల్ల బుడగలు పుట్టడం ఆగదు, అవి వెళ్లే దారుల్లో ఒకటి మూతపడుతుంది. మోకాలి నొప్పితో వచ్చిన హిట్‌కు ఇది మందు కాదు. గుండె లయ తప్పడం వంటి సమస్యలు కొద్దిమందికైనా వస్తాయి. సరదా డైవరైతే డైవ్‌నే తేలిక చేసుకోవడం మేలు. పొడవాటి డెకో చేసేవాళ్ల సిరల్లో ఎలాగూ బుడగలు ఉంటాయి కాబట్టి, పెద్ద రంధ్రం ఉండి నరాల హిట్ వచ్చినవాళ్లకు మూయించుకోవడంలో న్యాయం ఉంది. వాళ్లు కూడా తర్వాత కింది మెట్టు నుంచే రావాలి.

మానేయడం

నడకలో తేడా, మూత్రం మీద పట్టు తప్పడం, మొద్దుబారడం మిగిలిపోయినవాళ్లకు ఇదే దారి. వెన్నుపాములో మిగిలిన కొద్దిపాటి సత్తువ మీదే వాళ్లు నడుస్తుంటారు. రెండో హిట్ దాన్నీ తీసుకుపోవచ్చు. కారణం దొరకని హిట్ రెండోసారి వచ్చినవాళ్లకు కూడా నేను ఇదే చెప్తాను.

తిరిగి వెళ్లేవాళ్లు జట్టుతో ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీది 50/70, సహచరుడిది 50/85 అయితే మీ స్టాపులు అతని కంటే చాలాసేపు సాగుతాయి. ప్లాను, గ్యాస్ లెక్క, చలికి బట్టలు అన్నీ మీ అంకెల మీదే వేయాలి. అతను చివరిదాకా పక్కనే ఉండాలి. అందుకు ఒప్పుకోని జట్టుతో ఆ రోజు దిగకండి.