రెండు కొమ్ముల ఫ్రీవీల్ పానా: ఐదేళ్లు వాడినాక

వెనక చక్రంలో చైను వైపు పుల్ల (స్పోకు) ఒక్కటి విరిగితే చాలు, ఫ్రీవీల్ విప్పే ఈ పానా విలువ తెలుస్తుంది. ఫ్రీవీల్, అంటే చైను పట్టే వెనక పళ్ల చక్రం, అడ్డం ఉన్నంతసేపూ ఆ పక్క హబ్ (చక్రం నడిమి దిమ్మ) రంధ్రంలోకి కొత్త పుల్ల దూరదు. పాత అట్లాస్, హెర్క్యులిస్, ర్యాలీ సైకిళ్ల 28 ఇంచుల చక్రాలకైతే ఫ్రీవీల్ అంత తేలిగ్గా రాదు. వానాకాలం నల్లరేగడి బురదలో, ఎండాకాలం చెలక దుమ్ములో తిరిగినవి మరీ మొండికేస్తాయి.

వస్తువు చూడటానికి ఏమీ ఉండదు. పొట్టి గొట్టంలాంటి ఉక్కు ముక్క, ఒక చివర ఎదురెదురుగా రెండు కొమ్ములు, రెండో చివర ఆరు పలకల తల, నడుమ యాక్సిల్ (ఇరుసు) దూరేంత రంధ్రం. హన్మకొండలోనైనా వరంగల్‌లోనైనా సైకిల్ సామాన్ల దుకాణంలో రెండొందల లోపే దొరికింది. కొనేముందు మన ఫ్రీవీల్ నోట్లో గాట్లు రెండా, నాలుగా లెక్కపెట్టుకోవాలి. గేర్ల సైకిల్‌కైతే ఇది చాలావరకు పనికిరాదు, వాటిలో చాలావాటికి లోపల సన్నటి గాట్ల వరస ఉంటుంది, దాని పానా వేరు.

కొత్తదాన్ని కొన్నది కొన్నట్టు వాడితే మాత్రం దెబ్బతింటాం. మా పానా కొమ్ముల అంచులు గుండ్రంగా, పోత పోసినట్టే ఉన్నాయి. అట్లాంటి అంచు గాట్లో నిలవదు, బలం పడగానే పైకి జారుతుంది. చదరపు ఆకురాయితో కొమ్ముల పక్కలు నిట్టనిలువుగా అరగదీసినాకే పట్టు దొరికింది. ఇప్పటికి నలభై దాకా ఫ్రీవీళ్లు విప్పి ఉంటాం. మధ్యలో మూడుసార్లు మళ్లీ ఆకురాయి పట్టాల్సి వచ్చింది. లోహం మెత్తనే, కాకపోతే విరగలేదు. గట్టి ఉక్కు పానా కొమ్ము పెళుక్కున విరగడం కూడా చూశాం కాబట్టి ఈ మెత్తదనం మీద పెద్ద ఫిర్యాదు లేదు.

అసలు పని చేసేది పానా కాదు, దాన్ని అదిమిపట్టే యాక్సిల్ నట్టు. చైను తీసి, చక్రం ఊడదీసి, ఫ్రీవీల్ వైపు నట్టు, వాషర్ తీయాలి. గాట్ల అడుగున గట్టిపడిన గ్రీజు, మట్టి ఉంటాయి. సన్న స్క్రూడ్రైవర్‌తో వాటిని గీకి, గాటు అడుగు లోహం మెరిసేదాకా శుభ్రం చేయాలి. కొమ్ములు పూర్తిగా దిగాక అదే నట్టును పానా మీద వేసి చేత్తో బిగించాలి. కొన్ని హబ్‌లలో కోను (హబ్ బాల్స్‌ను అదిమిపట్టే నట్టు) మీది లాక్‌నట్టు ఫ్రీవీల్ నోట్లోకే వచ్చి పానాను కూర్చోనివ్వదు. అప్పుడు ముందు దాన్ని తీయక తప్పదు. కోను వదులైతే బాల్స్ జారిపడతాయి, వెనక హబ్‌లో పక్కకు తొమ్మిది, పావు ఇంచువి. కింద గుడ్డ పరిచి పని మొదలుపెట్టండి.

నూనె పోసే చోటు చాలామంది తప్పుతారు. ముందు నుంచి పోస్తే అది లోపలి బాల్స్‌లోకి పోతుంది, మరల్లోకి పోదు. చక్రాన్ని ఫ్రీవీల్ కిందికి వచ్చేలా పడుకోబెట్టి, హబ్ అంచుకూ ఫ్రీవీల్ వీపుకూ మధ్య సందులో పోయాలి. గ్యాస్ నూనె (కిరోసిన్), డీజిల్ కంటే కార్ల ఆటోమేటిక్ గేరు నూనె, అసిటోన్ సమపాళ్లలో కలిపింది బాగా దిగింది. డబ్ల్యూడీ-40 పరవాలేదు కానీ తొందరగా ఆరిపోతుంది. పొద్దున, సాయంత్రం పోస్తూ రెండు రోజులు ఆగాలి. ఇవన్నీ మంటకు అంటుకునేవే, నూనె పోసిన చక్రం దగ్గర దీపం, బీడీ వద్దు. అల్యూమినియం హబ్ అయితే కాల్చే ఆలోచన మానుకోండి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, లోపలున్న హబ్ ఉబ్బి ఫ్రీవీల్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

ఇక తిప్పడం. పానా తలను వైసులో (బల్లకు బిగించిన ఇనుప దవడల పట్టులో) బిగించి, చక్రాన్ని పైనుంచి బస్సు స్టీరింగులా రెండు చేతులా ఎదురెదురుగా పట్టుకుని, గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిప్పాలి. వైసు లేకపోతే వెల్డింగ్ షాపుకు పోవచ్చు. చిన్న పానాతో గంటసేపు కుస్తీ పట్టడం కన్నా అది నయం. చక్రమే ఇక్కడ పెద్ద కాడ. అందుకే రిమ్ము మార్చాలని ముందే పుల్లలు కోసేసిన హబ్‌ను తెచ్చి ఫ్రీవీల్ తీయమంటే ఒళ్లు మండుతుంది. పట్టుకునేది ఏముంది? పైగా ఆ హబ్ 40 రంధ్రాలది, పోగొట్టుకుంటే అదే పాతది మళ్లీ దొరకడం కష్టం.

కదిలే క్షణంలో 'టక్' మని పెద్ద చప్పుడు వస్తుంది. ఏదో విరిగిందనుకుంటాం, కానీ అది తుప్పు వదిలిన చప్పుడే. పావు చుట్టు తిరగగానే ఆపి యాక్సిల్ నట్టును కాస్త వదులు చేయాలి. ఫ్రీవీల్ బయటికి వస్తూ పానాను నట్టు మీదికి నెడుతుంది, వదులు చేయకుంటే యాక్సిల్ మరలు చెడిపోతాయి, లేదా యాక్సిలే పోతుంది. వదులు చేస్తూ, తిప్పుతూ రెండుమూడు విడతలైతే తర్వాత చేత్తోనే వస్తుంది.

మా లెక్కలో పదింట ఎనిమిది ఇట్లనే వచ్చాయి. రానివి ఎక్కువగా అంతకుముందే ఉలి, సుత్తె దెబ్బలు తిన్నవి. ఉలి ఒకే పక్క కొడుతుంది, రెండు దెబ్బలకే గాటు పెదవి తెరుచుకుంటుంది, ఆ తర్వాత ఏ పానాకూ ఆధారం ఉండదు. వీటికి ఒకటే దారి, ఫ్రీవీల్‌ను బలివ్వడం. ఫ్రీవీల్ బయటి వైపు మూత మీద రెండు చిన్న గుంటలు కనిపిస్తాయి. అక్కడ పంచ్ (మొన ఉన్న ఉక్కు కడ్డీ) ఆనించి గడియారం ముల్లు దిక్కునే కొట్టాలి, ఎందుకంటే ఆ మూతది ఎడమ మర. మామూలుగా విప్పే దిక్కున కొడితే ఇంకా బిగుస్తుంది. మూత వస్తే పళ్ల చుట్టు ఊడి, చిన్న బాల్స్ గుప్పెడు రాలతాయి. మిగిలిన లోపలి దిమ్మను నేరుగా వైసు దవడల మధ్య గట్టిగా బిగించి చక్రాన్ని తిప్పితే వచ్చేస్తుంది. పానా గాట్లు పోయినా దీనికి అడ్డం లేదు.

కొత్త ఫ్రీవీల్ ఎక్కించేటప్పుడు హబ్ మరలను ఇనుప బ్రష్‌తో తోమి, గ్రీజు దండిగా పూయాలి. మొదటి రెండు చుట్లు చేత్తోనే తిరగాలి, పానా అవసరం పడిందంటే అడ్డంగా ఎక్కుతోందన్నమాట, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. ఎంత బిగించాలనే బెంగ వద్దు, ఎక్కి తొక్కితే అదే బిగుస్తుంది. గ్రీజు పూసి ఎక్కించిన వాటిలో మూడేళ్ల తర్వాత విప్పినవి కూడా నూనె అడగలేదు.

పానా విషయంలో మిగిలిన ఒక్క ఇబ్బంది తల పలకలు. నాలుగో ఏటికి మూలలు అరిగి, పైపు పానాకు జారుతున్నాయి. వైసులోనైతే ఇంకా నిలుస్తోంది. వైసు అందుబాటులో లేనివాళ్లు ఇదే కొంటున్నట్టయితే తల పెద్దగా ఉన్నది ఏరుకోండి, నాలుగు కొమ్ములదీ పక్కన ఒకటి ఉంచుకోండి.