బల్లార్షా ఎండలో ఓవర్‌క్లాక్ సిస్టమ్: నాలుగేళ్ళు వాడాక

పెళ్ళి వీడియోల ఎడిటింగ్ కోసం 2021లో ఈ సిస్టమ్ బిగించుకున్నాను. మాది మహారాష్ట్రలోని బల్లార్షా. ఇటు చంద్రాపూర్, రాజురా, అటు కాగజ్‌నగర్ దాకా మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళే నాకు ఎక్కువ. ఏఎండీ వాళ్ళ రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 32 జీబీ ర్యామ్. అన్నీ నాగ్‌పూర్ నుంచి తెచ్చుకున్నవే.

ఇంటెల్ వైపు చూడకపోలేదు. అక్కడ ఓవర్‌క్లాక్ చేయాలంటే, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపాలంటే, పేరు చివర ‘కే’ ఉన్న ప్రాసెసర్, దానికి తోడు జెడ్ సిరీస్ బోర్డు కావాలి. రైజెన్‌కు బీ550 చాలు. ఏ520 మాత్రం వద్దు, అందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ కుదరదు. మిగిలిన డబ్బు రెండు ఫ్యాన్ల టవర్ కూలర్ మీద పెట్టాను. ఇవాళ కొన్నా అదే చేస్తాను.

డిసెంబర్‌లో ఆరు కోర్లనూ 1.3 వోల్టులతో 4.7 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబెట్టాను. రాత్రంతా రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైల్‌గా తయారుచేయడం) పెట్టినా 80 డిగ్రీలు దాటలేదు. ఎంత సంబరపడ్డానో! మే వచ్చింది. బయట 45 దాటితే మా రేకుల గదిలో 40. గాలితో చల్లబరిచే కూలర్ ఎంత మంచిదైనా గది వేడి కంటే కిందికి దించలేదు. గది 20 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. “ఇంట్ల పొయ్యి పెట్టినవా ఏంది బిడ్డా” అంది అమ్మ. సిస్టమ్ ఆగిపోయినా తెలిసేది, ఆగలేదు. ఒక వీడియోలో సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే చోట ఆకుపచ్చ గళ్ళు పడ్డాయి. పెన్‌డ్రైవ్ ఇచ్చేముందు చూసుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఇంటివాళ్ళకు ఏ మొహం పెట్టుకుని కనిపించాలి?

ఆ రోజే ఫిక్స్‌డ్ క్లాక్ మానేశాను. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) పీబీవో, అంటే వేడిని బట్టి ప్రాసెసర్ తనే వేగం పెంచుకునే సెట్టింగ్, ఆన్ చేసి, వోల్టేజ్ సర్దే కర్వ్ ఆప్టిమైజర్‌లో ప్రతి కోర్‌కు మైనస్ 15 పెట్టాను. అదే వేగానికి వోల్టేజ్ కాస్త తగ్గుతుంది. ఎండాకాలం ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది, చలికాలం పుంజుకుంటుంది. మైనస్ 25 కూడా ప్రయత్నించాను. రెండర్ బాగానే సాగింది కానీ, ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అయ్యేది. గంట రెండర్‌కు పాత 4.7 కంటే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. నాకు టెన్షన్ లేదు, అది చాలు.

ర్యామ్ 3600 వేగంది తీసుకుంటే సరి, అందులో సగం, అంటే 1800 దగ్గర నడిచే ఇన్ఫినిటీ ఫాబ్రిక్‌తో (ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారి) జత కుదురుతుంది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపించి, ఒక్క ఎర్రర్ కూడా లేకపోతేనే పని మొదలుపెట్టండి.

పవర్ సప్లై దగ్గర దెబ్బ తిన్నాను. ఒక షాపువాడు అంటగట్టిన దాని మీద 650 వాట్స్ అని రాసి ఉంది, రెండర్ మధ్యలో రెండుసార్లు ఆరిపోయింది. గోల్డ్ రేటింగ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందన్న గుర్తింపు) ఉన్నది వేశాక మళ్ళీ ఆరలేదు.

ఇక మా ఊళ్ళో బొగ్గు దుమ్ము. కిటికీ కూలర్ తేమ తగిలితే అది ప్రాసెసర్ కూలర్ రేకుల మధ్య ముద్దలా పేరుకుంటుంది, వేలితో గీస్తే కాటుకలా అంటుకుంటుంది. కిటికీ కూలర్ గాలి కేబినెట్ మీదికి రాకుండా తిప్పాను. నెలకోసారి బ్రష్, ఏటా మార్చిలో ప్రాసెసర్‌కూ దాని కూలర్‌కూ మధ్య కొత్త థర్మల్ పేస్ట్.

ఇదే బోర్డులో 5900ఎక్స్ పడుతుంది. పన్నెండు కోర్లు, కానీ 105 వాట్స్. ఆ గదికి ఏసీ పెట్టించాకే కొంటాను.