బొలీవియా హోటల్లో ఏం చెప్పాలి: సాల్తెన్యానా, సిల్పాంచోనా, పల్లీ సూపా?

ఈ నెలలో కనీసం నలుగురు ఇదే అడిగారు. అమెరికాలో మా ఉత్తర వర్జీనియాలో ఆష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ వైపు ఉండేవాళ్ళు శనివారం ఏదో పని మీద ఆర్లింగ్టన్ దాకా వస్తారు, ఆకలేస్తుంది, ఎరుపు పసుపు ఆకుపచ్చ జెండా వేలాడదీసిన చిన్న హోటల్ కనబడుతుంది, లోపల కూర్చున్నాక మెనూ ఫోటో తీసి నాకు వాట్సాప్ పెడతారు: "అన్నా, ఇందులో ఏం చెప్పమంటావ్?" ప్రతిసారీ టైప్ చేసే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నాను.

ఇవి మెక్సికన్ హోటళ్ళు కావు, టాకోలు అడక్కండి. ఉత్తర వర్జీనియాలో బొలీవియా వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమందిది కోచబాంబా ప్రాంతం, అందుకే మెనూలో కూడా ఆ ఊరి వంటలే ముందుంటాయి. గోడ మీద టీవీలో ఫుట్‌బాల్, పక్క టేబుల్ దగ్గర తాత నుంచి మనవడి దాకా ఇంటిల్లిపాదీ, ఎదురుగా ఇద్దరికి సరిపోయే ప్లేటు.

సాల్తెన్యా సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే దాన్ని టైమే తేల్చేస్తుంది. చూడ్డానికి పెద్ద కజ్జికాయ, కానీ నూనెలో వేయించరు, ఓవెన్‌లో కాలుస్తారు. పైపిండి కొంచెం తీపి. లోపల మాంసం, బంగాళాదుంప, బఠాణీ, ఉడికిన గుడ్డు ముక్క, ఒక ఆలివ్ (గింజ తీయకుండా పెడతారు చాలాచోట్ల, పళ్ళు జాగ్రత్త), ఇంకా పులుసు. పులుసు లోపలికి ఎలా వెళ్ళిందని నేనూ బుర్ర బద్దలు కొట్టుకున్నాను. కూర వండేటప్పుడే జెలటిన్ (పశువుల ఎముకలు, తోలు నుంచి తీసే పొడి) కలిపి ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తారు, ఆ గడ్డని పిండిలో పెట్టి మూసి కాలిస్తే లోపలే కరిగి మళ్ళీ పులుసవుతుంది. మొదటిసారి నేను బుద్ధిగా ప్లేట్లో పెట్టుకుని ఫోర్కుతో మధ్యలో పొడిచాను, పసుపు రంగు పులుసంతా ప్లేటులోంచి ప్యాంటు మీదికి కారింది. కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ నవ్వు ఆపుకుంటూ ఇంకోటి చేతిలో పెట్టి సైగ చేసి చూపించింది: నిలబెట్టి పట్టుకో, పై మూల కొరుకు, ముందు పులుసు పీల్చు, తర్వాతే తిను.

బొలీవియాలో ఇది పొద్దుటి పదకొండు గంటల తిండి. మధ్యాహ్నానికల్లా అయిపోతుంది, అయిపోవాలి కూడా. ఇక్కడి హోటళ్ళలో సాయంత్రం కూడా దొరుకుతుంది కానీ అది పొద్దున కాల్చి మళ్ళీ వేడి చేసింది, పులుసు సగం పిండిలోకి ఇంకిపోయి ఉంటుంది. కాబట్టి పన్నెండులోపు వెళ్తే సాల్తెన్యా రెండు చెప్పండి, ఇంకేం ఆలోచించకండి. పన్నెండు దాటితే దాన్ని మర్చిపోండి.

అసలు ప్రశ్న మధ్యాహ్న భోజనానిది: సిల్పాంచోనా, పీకె మాచోనా, పల్లీ సూపా? అందరూ మాంసం ఎంతుంది, ప్లేటు ఎంత పెద్దది అని చూస్తారు. నేను చూసేది టేబుల్ మీదికి వచ్చే చిన్న గిన్నెని. అందులో ఉండేది ల్యాహ్వా, అంటే వాళ్ళ పచ్చడి. లొకోతో అని ఒక మిరపకాయ ఉంటుంది, చిన్న టమాటా సైజులో గుండ్రంగా కండ పట్టి ఉంటుంది, కోస్తే గింజలు నల్లగా కనబడతాయి. అదీ టమాటా ఉప్పు వేసి, కిర్కిన్యా అనే ఆకు కలిపి, పచ్చివే నూరేస్తారు. తాలింపు లేదు, చింతపండు లేదు, నూనె చుక్క లేదు. అక్కడి ఇళ్ళల్లో నూరేది బతాన్ మీద. అది మన సన్నికల్లు లాంటి బల్లపరుపు రాయే, కాకపోతే పొత్రం బదులు అడుగు గుండ్రంగా ఉన్న బరువైన బండ, దాన్ని ముందుకూ వెనక్కీ తొయ్యరు, ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఒరిగిస్తారు. కిర్కిన్యా వాసన కొత్తిమీరకి పెద్దన్న లాంటిది, కొంతమందికి మొదటిసారి సబ్బులా అనిపిస్తుంది, నాకు మాత్రం రెండోసారికే అలవాటైపోయింది. ఇక్కడ ఆ ఆకు దొరక్కపోతే కొత్తిమీరతో కానిచ్చేస్తారు, తప్పులేదు. తప్పు ఎక్కడంటే, బాగా ముందుగా మిక్సీలో తిప్పి ఉంచేయడం. పైన గులాబీ రంగు నురుగు, కింద నీళ్ళు తేలి ఉంటే అది అదే.

కాబట్టి కూర్చోగానే ముందు ల్యాహ్వా అడగండి, బ్రెడ్ ముక్క మీద వేసుకుని రుచి చూడండి. మెనూ సంగతి తర్వాత.

పచ్చడి బాగుంటే సిల్పాంచో. అడుగున అన్నం, దాని మీద ఉడకబెట్టి చక్రాలుగా కోసి వేయించిన బంగాళాదుంప, ఆ పైన రొట్టెపొడి అద్ది కాగితంలా సాగగొట్టి వేయించిన బీఫ్, దాని మీద రెండు గుడ్లు, అన్నిటి మీద సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, లొకోతో. పేరు కూడా అక్కడి ఆదివాసుల కెచువా భాషలో పలచగా దంచడం అనే అర్థం నుంచే వచ్చింది. ఫోటోలో గొప్పగా ఏం కనబడదు, మాంసం కింద అన్నం దాక్కుని ఉంటుంది. కానీ గుడ్డు సొన పగలగొట్టి అన్నంలోకి దించి, రెండు చెంచాల ల్యాహ్వా కలిపి తింటే అదేంటో మీకే తెలుస్తుంది. వేడన్నం, ఒక మెత్తటి కమ్మటి వస్తువు, ఒక పచ్చి కారం. ముద్దపప్పు ఆవకాయ కలుపుకునే చేతికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక్క షరతు: ఒకరికి ఒక ప్లేటు. మనవాళ్ళు నలుగురు నాలుగు రకాలు చెప్పి అందరికీ పంచే అలవాటు ఉంది చూశారా, సిల్పాంచో అలా పంచితే ఒకడికి మాంసం, ఒకడికి ఉత్తన్నం, గుడ్డు ఎవడిదో తెలియదు.

పచ్చడి బాగోకపోతే పీకె మాచో, ఎందుకంటే దాని కారం దాని మీదే ఉంటుంది. పళ్ళెం నిండా ఫ్రెంచ్ ఫ్రైస్, వాటి మీద బీఫ్ ముక్కలు, సాసేజ్ ముక్కలు, ఉల్లిపాయ, టమాటా, ఉడికిన గుడ్లు, పచ్చి లొకోతో చక్రాలు. పంచుకోవడానికే పుట్టింది, నలుగురు కుర్రాళ్ళు మ్యాచ్ చూస్తూ కూర్చుంటే దీన్ని మించింది లేదు. నా ఫిర్యాదు ఒక్కటే, పది నిమిషాలకి ఫ్రైస్ రసంలో నాని చప్పబడిపోతాయి, ఆ తర్వాత తినేది ఆకలి కాదు పంతం.

పల్లీ సూపు, సోపా దె మనీ, నాకు బలహీనత. మాది అనంతపురం, మేం పల్లీలు తిని పెరిగినవాళ్ళం, కానీ వేరుశనగకి పుట్టిల్లు బొలీవియా దక్షిణం, అర్జెంటీనా వాయవ్యం కలిసే ప్రాంతమని శాస్త్రజ్ఞులు చెప్తారు. ఆ లెక్కన పుట్టింటివాళ్ళ వంట. ఒకటి గుర్తుపెట్టుకోండి, మనలా పల్లీలు వేయించరు. పచ్చి పల్లీలే మెత్తగా రుబ్బి ఎముక రసంలో చాలాసేపు మరిగిస్తారు, అందుకని తెల్లగా పాల రంగులో ఉంటుంది, పల్లీ చట్నీ వాసన ఊహించుకుని వెళ్తే చప్పగా ఉందంటారు. మా ఆవిడ అదే అంది. లోపల బంగాళాదుంప, పాస్తా, మాంసం, పైన సన్నటి ఫ్రైస్. ల్యాహ్వా కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే ప్రతి చెంచా వేరే రుచి. చలికాలం అయితే సిల్పాంచోని కూడా పక్కన పెట్టి దీనికే ఓటేస్తాను. వేసవిలో మాత్రం వద్దు.

బీఫ్ తిననివాళ్ళకి: చికెన్ సాల్తెన్యా ఉంటుంది కానీ జెలటిన్ దేనిది, పిండిలో పంది కొవ్వు వేశారా అని అడగాలి, వాళ్ళేం అనుకోరు. కొన్నిచోట్ల సిల్పాంచో చికెన్‌తో అడిగితే చేసిస్తారు. సూపులో మాత్రం రసమే బీఫ్‌ది కావచ్చు, మాంసం ముక్కలు తీసేస్తే సరిపోదు. పూర్తి శాకాహారులకి కున్యాపే (చీజ్, కర్రపెండలం పిండితో చేసే బన్ను), ఉమింతా (మొక్కజొన్న రుబ్బి పొత్తుల ఆకుల్లో చుట్టేది) ఉంటాయి, వాటిలో కూడా గుడ్డో పంది కొవ్వో వేశారేమో అడగాలి, అవి టిఫిన్ అవుతాయి గానీ భోజనం కావు. అలాంటి చుట్టాలతో వెళ్తుంటే దారిలో ఇడ్లీ పెట్టించి తీసుకెళ్ళండి.

వారాంతాల్లో ఫ్రికాసే అని పంది మాంసం సూపు దొరుకుతుంది, బాగుంటుంది. తాగడానికి మొకొచించి చెప్పండి, ఎండు పీచ్ పండుని దాల్చినచెక్కతో ఉడికించి చల్లార్చిన నీళ్ళు. గ్లాసు అడుగున ముడతలు పడి కూర్చున్న పండుని కూడా తినాలి, వదిలేయకండి.

వచ్చేటప్పుడు గడ్డకట్టించిన సాల్తెన్యాలు డజను లెక్కన అమ్ముతారేమో కౌంటర్లో అడగండి. ఇంటికొచ్చాక కరగనివ్వకుండా నేరుగా బాగా వేడెక్కిన ఓవెన్‌లో పెట్టాలి. మైక్రోవేవ్‌లో పెడితే పిండి తోలులా సాగుతుంది, లోపలి పులుసు పగిలి గోడలకి అంటుకుంటుంది, పోయిన ఆదివారం గంటసేపు తుడిచాను.