అల్లరి చిలుకకు పని కల్పించే పజిల్ పెట్టె

పెంపుడు చిలుకల అల్లరిలో చాలా భాగం తోచకపోవడం వల్ల పుట్టేదే. అడవిలో గంటల తరబడి తిండి వెతుక్కునే పక్షికి గిన్నె నిండా గింజలు పోసి ఇస్తే, ఆ పని కాసేపట్లో ముగిసిపోతుంది; మిగిలిన తెలివినంతా అది పంజరం గొళ్ళెం మీద, మన చొక్కా గుండీల మీద చూపిస్తుంది. మా కాన్యూర్ (ఒక చిన్న రకం చిలుక) కోసం తిండి దాచిపెట్టే అక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) పెట్టె తెప్పించింది అందుకే.

పెట్టెకు లాగితే తెరుచుకునే నాలుగు సొరుగులు, పైన తిరిగే ఒక మూత ఉన్నాయి. గోడలు పారదర్శకంగా ఉండడం మంచి ఆలోచన, ఎందుకంటే లోపలి బాదం పలుకు కనిపిస్తేనే పక్షికి పట్టుదల వస్తుంది. కొత్త వస్తువంటే చిలుకలకు సహజంగానే బెదురు కాబట్టి, పెట్టెను మొదట పంజరం బయట కనిపించేలా ఉంచి, అది అలవాటు పడ్డాకే లోపల పెట్టాలి. మా చిలుక మొదట్లో సొరుగుకున్న పూసను ముక్కుతో లాగి వదిలేసేది, సొరుగు జారి మళ్ళీ మూసుకుపోయేది. తర్వాత ఒక కాలితో కమ్మీని పట్టుకుని, ముక్కుతో సొరుగు లాగి, ఆ సందులో రెండో కాలు అడ్డం పెట్టి పలుకు తీసుకోవడం నేర్చుకుంది. గిన్నెలో అవే పలుకులు ఉన్నా ముందు పెట్టె దగ్గరికే వెళ్తుంది. ఈ ఒక్క కారణానికే పెట్టె నాకు ఎంతో నచ్చింది.

లోపాలు కూడా అక్కడే ఉన్నాయి. సొరుగు పూర్తిగా బయటికి రాకుండా ఆపే అడ్డు లేదు. పలుకు తినగానే చిలుక సొరుగును ఊడబెరికి కింద పడేస్తుంది, తల వంచి అది పడిన చోటు చూస్తుంది, తీసి ఇచ్చేవరకు అరుస్తుంది, ఇవ్వగానే మళ్ళీ పడేస్తుంది. అంతకంటే పెద్ద లోపం, పెట్టెను కమ్మీలకు బిగించే నట్లు వేళ్ళతో తిప్పే రకం కావడం. వియన్నాలో గోఫిన్ కాకటూలు అనే తెల్ల చిలుకలు పిన్ను, స్క్రూ, బోల్టు, చక్రం, గడియ ఒకదాని తర్వాత ఒకటి ఉన్న తాళాన్ని తీయగలిగాయని 2013లోనే పరిశోధకులు ప్రచురించారు. ఆ జాతికి చెందినది కాకపోయినా, మా చిలుక కూడా నట్లను నాలుకతో, ముక్కుతో తిప్పి వదులు చేస్తోంది. పానాతో బిగించే నట్లు ఇచ్చి ఉండాల్సింది. ఇచ్చిన నట్లు స్టెయిన్‌లెస్ స్టీలువి కావడం మాత్రం మెచ్చుకోవాలి. జింకు పూత లోహాన్ని కొరికితే పక్షులకు విషమవుతుంది.

కడగడం తేలిక. కిటుకు తెలిశాక సొరుగులు చిలుకకు సులువైపోతాయి కాబట్టి, నేను పలుకులను అచ్చులేని తెల్ల కాగితంలో చుట్టి పెడుతున్నాను. కాన్యూర్, కాకటీల్ వంటి చిన్న పక్షులకు ఈ పెట్టెను నిస్సంకోచంగా కొనవచ్చు. పెద్ద చిలుక అయిన మకావ్ ముక్కు బలానికి మాత్రం ఇంత పలుచని అక్రిలిక్ నిలవదు.