మంచుతుఫానులో పోలార్ సూటు: మైత్రి కేంద్రంలో ఒక చలికాలం వాడిన తరువాత

అంటార్కిటికాలో షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతినేల మీద 1989 నుంచి నడుస్తున్న మన దేశపు మైత్రి పరిశోధన కేంద్రంలో చలికాలమంతా ఉండిపోయే బృందంలో ఒకడిగా, నేను ఆ సీజను పొడవునా వాడిన పోలార్ సూటు గురించి రాస్తున్నాను. సింథటిక్ దూది నింపిన కోటు, ఛాతీ దాకా వచ్చే డంగరీ కలిసిన జత ఇది. ఇలాంటి సూట్లు ఏ కంపెనీవైనా దాదాపు ఒకే పోలికలో ఉంటాయి కనుక తయారీదారు పేరు చెప్పడం కన్నా, ఎంచుకునేటప్పుడు ఏమి చూడాలో చెప్పడమే ఉపయోగం.

వెచ్చదనానికి వంక పెట్టలేము. గాలి లేని రోజున లోపల ఊలు ఇన్నరు, దాని మీద ఒక ఫ్లీసు (మెత్తటి నూగు సింథటిక్ జాకెట్టు) ఉంటే మైనస్ 30 డిగ్రీల్లో కూడా చలి తెలియదు. బరువు పని చేస్తే చెమట పట్టి, అదే తరువాత గడ్డకట్టి ఇబ్బంది పెడుతుంది.

బ్లిజార్డు మొదలైతే లెక్క మారిపోతుంది. తీరం వెంట సాగే అల్పపీడనాలు సముద్రం మీది గాలిని మోసుకొస్తాయి కనుక తుఫాను వేళ ఉష్ణోగ్రత తరచు కొన్ని డిగ్రీలు పెరుగుతుంది. అసలు ప్రమాదం గాలిది. మైనస్ 20 డిగ్రీల్లో గంటకు 90 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఒంటికి తెలిసే చలి మైనస్ 39 డిగ్రీలతో సమానం. తుఫానులకు అలవాటుపడిన మా కోస్తావాళ్లకు కూడా ఈ గాలి కొత్తే, ఎందుకంటే ఇది తెచ్చే మంచు జల్లించిన పిండిలా సన్నగా ఉండి, సూది దూరే సందు దొరికినా లోపలికి చేరుతుంది. చాచిన చేయి కూడా కనబడని తెల్లదనంలో, భవనాల మధ్య కట్టిన తాడు పట్టుకుని నడిచేటప్పుడు పరీక్ష సూటు మందానికి కాదు. జిప్పుకు, మణికట్టు పట్టీలకు, మెడకు, హుడ్‌కు.

ఈ సూటు తప్పింది ముందు జిప్పు దగ్గరే. జిప్పును కప్పే ఫ్లాపు ఒక్క వరుస వెల్క్రోతో అంటుకుంటుంది. వెల్క్రోలో మంచు ఇరుక్కుంటే మళ్లీ పట్టదు. ఫ్లాపు లేచిన చోట జిప్పు పళ్ల మధ్య చేరిన మంచు, మనం లోపలికి వచ్చాక కరిగి, మళ్లీ బయటికి వెళ్లగానే గడ్డకట్టి, జిప్పును గడ్డం కింద కదలనివ్వకుండా పట్టేస్తుంది. దాన్ని లాగే లోహపు నాలుక మరీ చిన్నది కావడంతో మందపాటి మిటెన్లకు (బొటనవేలు విడిగా, మిగతా నాలుగు వేళ్లు కలిపి ఉండే చేతితొడుగులకు) దొరకదు, మిటెన్లు తీస్తే వేళ్లు మొద్దుబారడానికి ఎంతోసేపు పట్టదు. నాలుకకు బెత్తెడు నైలాన్ తాడు ముడివేశాక కొంత నయమైంది. ఫ్లాపుకు పెద్ద ప్రెస్ బటన్లున్న మోడల్ దొరికితే అదే తీసుకోవాలి.

హుడ్ మాత్రం నిజంగా ఆలోచించి చేసినది. బొచ్చు అంచులో వంచితే వంగినట్టే నిలిచే తీగ ఉంది. ముందుకు లాగి గుండ్రంగా వంచుకుంటే ముఖం ముందు గాలి కాస్త నిలకడగా ఉంటుంది, చెంపలు కోసుకుపోవు. గాగుల్స్ మసకబారడం దీనితో పోదు. మంకీ క్యాప్ ముక్కు మీదికి లాక్కుంటే ఊపిరి పైకెక్కి అద్దం లోపలివైపు మంచుపొర కడుతుంది; అందుకు సూటును నిందించలేము.

మే చివరి నుంచి జూలై చివరి దాకా సూర్యుడు కనబడని ఆ రెండు నెలల్లో వీపు మీది మెరుపు పట్టీలు బాగా పనికొచ్చాయి. హెడ్‌ల్యాంపు వెలుతురును ఎగిరే మంచు తిప్పికొడుతుంటే ముందు నడిచే మనిషికి గుర్తు ఆ పట్టీ ఒక్కటే.

సైజు ఒక నంబరు పెద్దదే అడగండి. లోపలి పొరలన్నీ వేసుకుని, మిటెన్లు తీయకుండానే జిప్పును పైదాకా ఎక్కించి, దించి చూశాకే సూటు అందినట్టు రిజిస్టరులో సంతకం పెట్టండి.