పాత అంబాసిడర్ ఓవర్ ఛార్జింగ్‌ను పట్టుకున్న కర్నూలు ఎలక్ట్రీషియన్

కర్నూలులో పాత అంబాసిడరో, పద్మినియో నడుపుతూ కరెంటు పనికి నమ్మకమైన మనిషి దొరకనివాళ్ల కోసం రాస్తున్నా. బళ్లారి చౌరస్తా దాటాక లారీ పనుల షెడ్ల వరుసలో ఒక భాయ్ ఉన్నాడు. బోర్డు లేదు. వేపచెట్టు కింద విప్పి పరిచిన సెల్ఫ్‌లు, ఆర్మేచర్లే గుర్తు. మీటరు పెట్టి చూడనిదే స్పానర్ పట్టడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మాది 1986 మార్క్ 4. బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమోను మా నాన్న ఎప్పుడో తీసేసి, అదే పని చేసే ఆల్టర్నేటర్ వేయించాడు. వోల్టేజి హద్దు దాటకుండా చూసే రెగ్యులేటర్ దానికి విడిగా, బానెట్ కింద పక్కగోడకు బిగించి ఉంటుంది. ఎండలు ముదిరినప్పటి నుంచి హెడ్‌లైట్ బల్బులు వరసపెట్టి మాడిపోతున్నాయి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎంత పోసినా నిలవడం లేదు. బానెట్ ఎత్తితే కుళ్లిన గుడ్ల వాసన. వేరే ఒక షాపులో చూపిస్తే, ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకి "ఛార్జింగ్ బాగుంది" అన్నారు. దయచేసి మీ బండికి ఎవరినీ అట్లా చేయనివ్వకండి, వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డయోడ్లు పోతాయి. తర్వాత రెగ్యులేటర్ మార్చారు. బల్బులు మళ్లీ మాడాయి. ఇక ఆల్టర్నేటరే కొత్తది వేయాలన్నారు.

భాయ్ మొదట ఇంజను ఆపి బ్యాటరీకి మీటరు పెట్టి చూశాడు, 12.6 వోల్టులు. స్టార్ట్ చేసి రేస్ ఇస్తే 15.8. మన బండ్లకు 14, 14.5 మధ్య ఉండాలి. 15 దాటిందంటే బ్యాటరీలో నీళ్లు ఉడికిపోతాయి. ఆ తర్వాత చేసిన పనే నేను ఎక్కడా చూడలేదు. వైపర్ వేయమన్నాడు. లోడు పడితే వోల్టేజి కొంచెం దిగాలి కదా, మా బండికి 16 దాటింది! అప్పుడే ఆయనకు విషయం దొరికిపోయినట్టుంది. మీటరు నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీదే ఉంచి, మీటరు ఎర్ర వైరు తీసి రెగ్యులేటర్ టెర్మినల్‌కు ఆనించాడు. 14.2. రెగ్యులేటర్ ఎర్త్ కూడా చూశాడు, అది బాగానే ఉంది.

"డైనమోది తప్పు గాదు సార్. రెగ్యులేటర్‌కు పద్నాలుగే కనబడతాంది. బ్యాటరీకి అంతే పోతాందనుకుంటాంది" అన్నాడు. (ఆల్టర్నేటర్‌ను కూడా ఇక్కడ డైనమో అనే అంటారు.)

రెగ్యులేటర్‌కు కరెంటు తాళం స్విచ్చి మీదుగా వస్తుంది. డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి ఆ స్విచ్చి బయటకు లాగితే, ఒక టెర్మినల్ చుట్టూ ప్లాస్టిక్ మాడి గోధుమరంగుకు తిరిగింది, రాగి తీగ పచ్చగా చిలుం పట్టింది. వోల్టున్నర పైగా అక్కడే పోతోంది. వైపర్ కరెంటూ ఆ దారినే వస్తుంది కాబట్టి, వైపర్ వేస్తే అక్కడ ఇంకా ఎక్కువ పోయి, ఆ లోటు పూడ్చడానికి ఆల్టర్నేటర్ ఇంకా పెంచుతోంది. రెగ్యులేటర్లు ఎన్ని మార్చినా ఇది పోయేది కాదు.

కొత్త స్విచ్చి వేశాడు. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా ఒక వైరు లాగి, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) పెట్టాడు. ఇప్పుడు తాళం రిలేను లేపడానికే, రెగ్యులేటర్‌కు కరెంటు బ్యాటరీ నుంచే పోతుంది. రేస్ ఇచ్చినా, వైపర్ వేసినా 14.2, 14.3 దగ్గరే నిలబడింది. సామాన్లు, కూలీ కలిపి తొమ్మిది వందలు తీసుకున్నాడు. అవతలివాళ్లు ఆల్టర్నేటర్‌కు చెప్పిన ధరలో ఇది ఏ మూలకూ రాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. కూర్చోవడానికి చోటు లేదు, బిల్లు ఇవ్వడు, ఫోన్ ఎత్తడు. లారీలు వచ్చాయంటే మన కారు పక్కకు పోతుంది, అందుకే పొద్దున్నే పోవాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు షెడ్డు మూసేస్తాడు. డైనమో, దాని ఛార్జింగ్‌ను అదుపు చేసే కటౌట్ బాక్సు ఇంకా అట్లాగే ఉన్న బండ్లనూ చూస్తాడు.